ఎడమ పక్క సముద్రం

ఆదివారం పొద్దున్న ఏడింటికి, పుస్తకాలు కుట్టే బైండరు తన అక్క ఇంటి మెట్ల దగ్గర అరువు హెల్మెట్ పట్టుకుని నిలబడ్డాడు. నలభై ఏళ్లొచ్చినా బండి నడపడం నేర్చుకోని మనిషి. వెనక సీట్లో కూర్చోవాలన్నా ఒళ్లు బిగుసుకుపోతుంది. అలాంటివాడు ఇంత చలిలో సముద్రం గట్టు వెంట బావతో కలిసి షికారుకు ఒప్పుకున్నాడంటే కారణం అక్కే.

మూడు రోజుల కిందట ఆమె బైండింగ్ షాపుకు వచ్చింది. ఆసుపత్రి లాండ్రీలో పని ముగించుకుని నేరుగా వచ్చినట్టుంది, చేతులకు ఇంకా సబ్బు వాసన పోలేదు. జిగురు ఆరబెట్టిన రిజిస్టర్ల మధ్య చోటు చేసుకుని కూర్చుంది.

"మీ బావకి ఏదో అవుతోందిరా. ఎడమ పక్కన గ్లాసు పెడితే చెయ్యి తగిలించి పడేస్తున్నాడు. తలుపు వారకి భుజం కొట్టుకుంటున్నాడు. అదేంటంటే ఇల్లు ఇరుకంటాడు. ఇన్నేళ్లుగా అదే ఇల్లు, ఈ ఏడే ఇరుకైందా?"

"డాక్టరుకి చూపించొచ్చుగా అక్కా."

"నా మాట వింటే నీ దగ్గరకెందుకొస్తాను? ఆదివారం బండేసుకుని పోతాడుగా, నువ్వూ వెనక కూర్చో. ఊరికే చూడు. అంతే."

ఆమె పైకి అనని మాట ఇద్దరికీ తెలుసు. బావ సిటీ బస్సు డ్రైవరు.

బావ మెట్లు దిగి వచ్చి బామ్మర్దిని ఎగాదిగా చూశాడు. "ఏంటి, సూర్యుడు ఇవాళ ఎటు పొడిచాడు? కూర్చో. పట్టుకోవాల్సింది సీటుని, నన్ను కాదు. నా నడుము ఎప్పుడో మీ అక్కకి రాసిచ్చేశాను."

ఊరు దాటగానే రోడ్డు గట్టెక్కింది. ఎడమ పక్క మోకాలెత్తు రాతి గోడ, దాని అవతల బూడిద రంగు సముద్రం. పొగమంచు పలచగా ఉంది గానీ గాలి చొక్కా చేతుల్లోంచి దూరి వీపు దాకా పోతోంది. బావ చేతిలో బండి చెప్పినట్టు వింటోంది. గేరు మార్చినట్టు కూడా తెలియడం లేదు. అరగంట గడిచేసరికి బైండరుకు కాస్త ఊపిరాడింది. అక్క అనవసరంగా కంగారు పడుతోందేమో అనుకున్నాడు.

అంతలో గాలికి గోడ వారన పేరుకున్న ఇసుక కనిపించింది. బావ తప్పుకుంటాడనుకున్నాడు. బండి తిన్నగా పోయి ఇసుకలో దిగబడి, తోక ఊపినట్టు ఊగి, మళ్లీ రోడ్డెక్కింది. ఇంకొంచెం దూరంలో ఎవరో రోడ్డు పక్కన వదిలేసిన తోపుడు బండి పిడి బైండరు మోచేతిని రాసుకుంటూ పోయింది. అక్కణ్ణుంచి అతను సముద్రాన్ని చూడడం మానేశాడు. బావ భుజం మీదుగా రోడ్డు ఎడమ అంచునే చూస్తూ కూర్చున్నాడు.

పసుపు కోటు చాలా దూరం నుంచే కనిపించింది. ఒక ముసలావిడ, చేతిలో సంచి, గోడ వారగా నడుస్తోంది. ఇప్పుడు తప్పిస్తాడు, ఇప్పుడు తప్పిస్తాడు అని బైండరు ఎదురుచూశాడు. హ్యాండిల్ వెంట్రుకవాసి కూడా కదల్లేదు.

"బావా, మనిషి. కుడికి, కుడికి."

బావ ఒక్క విసురుతో కుడికి లాగాడు. అద్దం సంచికి తగిలింది. బంగాళాదుంపలు రోడ్డంతా దొర్లాయి. బండి అడ్డంగా తిరిగి ఆగింది.

ఆవిడకు దెబ్బ తగల్లేదు. గోడ పట్టుకుని నిలబడి బావ వంక చూసింది. "కనపడాలనే కదా నాయనా ఈ రంగు కోటేసుకున్నాను," అంది. ఆ గొంతులో కోపం కూడా లేదు.

బావ ఒక్కొక్క బంగాళాదుంపా ఏరి సంచిలో వేశాడు. ఆవిడ వెళ్లాక గోడ మీద కూలబడ్డాడు.

"మంచులో కంటికి సరిగ్గా ఆనలేదు," అన్నాడు.

"నాకు కనపడింది. నీ వెనక కూర్చున్నవాడికి." బైండరు బావకు ఎడమ పక్కగా వచ్చి నిలబడ్డాడు. "తల తిప్పకు. ఎదురుగా చూడు. నా చెయ్యి ఎక్కడుందో చెప్పు."

బావ ఎదురుగానే చూస్తూ అన్నాడు, "కింద పెట్టుకున్నావు."

ఆ చెయ్యి అతని మొహం పక్కనే, జానెడు దూరంలో ఉంది.

బైండరు చెయ్యి దించేశాడు. "ఎప్పట్నుంచి?"

"వానలప్పట్నుంచి. అద్దం పెద్దదిరా బస్సుకి. తల తిప్పి చూసుకుంటాను. ఆ రూటు నేను కళ్లు మూసుకుని కూడా..." అని తన మాట తనకే వినిపించి ఆగిపోయాడు.

"జనం ఎక్కేది ఎడమ తలుపు నుంచే కదా బావా."

బావ లేచి హెల్మెట్ పెట్టుకున్నాడు. "పద. నెమ్మదిగా పోదాం. ఎడమ పక్కేదైనా ఉంటే నువ్వు చెప్పు."

బైండరు ముందే బండి తాళం తీసి జేబులో వేసుకున్నాడు. బావ చెయ్యి చాపాడు.

"ఇవ్వరా."

"ఇవ్వను."

పెళ్లిలో పదేళ్ల పిల్లాడుగా బావ వేలు పట్టుకున్నప్పటి నుంచి ఈ రోజు వరకు బైండరు ఆయనకు ఎదురు చెప్పి ఎరగడు. బావ బలమైన మనిషి, లాక్కుంటే ఆపలేడు. అయినా కదలకుండా నిలబడ్డాడు.

"మీ అక్క పంపిందా?"

"అవును."

బావ చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఇద్దరూ బండిని తోసుకుంటూ దగ్గర్లోని బస్టాపు దాకా నడిచారు. గంట పట్టింది. బండిని అక్కడి టీకొట్టు ముందు పెట్టి తాళం వేశారు.

వచ్చిన బస్సు డ్రైవరు బావ డిపోవాడే, కుర్రవాడు. తలుపు తెరిచి నవ్వాడు. "ఏంటన్నా, బండి మొరాయించిందా?"

అవునంటే చాలు, రేపు పొద్దున్నే బావ మళ్లీ స్టీరింగ్ ముందు కూర్చుంటాడు.

బావ రాడ్ పట్టుకుని మెట్టెక్కాడు. "బండికేం, బాగానే ఉంది. నా కన్నే బాలేదు. రేపు నా డ్యూటీ ఇంకొకరికి వెయ్యమని డిపోకి ఫోన్ చేసి చెప్పు. నేను చేస్తే మళ్లీ మాట మారుస్తానేమో."

కుర్రవాడి నవ్వు పోయింది. తలూపాడు. బావ ముందు సీట్లన్నీ దాటుకుని వెనక్కెళ్లి కూర్చుని, ఊరొచ్చేదాకా కిటికీలోంచి బయటకే చూశాడు.

కంట్లో ఒత్తిడి పెరిగి చూపు అంచుల నుంచి తినేసిందన్నాడు డాక్టరు. పోయింది తిరిగి రాదు, మిగిలింది చుక్కల మందుతో నిలబెట్టుకోవాలి. డిపోలో బావను స్టీరింగ్ మీద నుంచి తప్పించి డ్యూటీ చార్టులు రాసే బల్ల దగ్గర కూర్చోబెట్టారు. ఇంట్లో నాలుగు రోజులు సరిగ్గా అన్నం తినలేదనీ, ఐదో రోజున గ్లాసు తనంతట తనే కుడి పక్కకు పెట్టుకున్నాడనీ అక్క ఫోన్‌లో చెప్పింది. బామ్మర్ది పేరెత్తితే మాత్రం లేచిపోతున్నాడట.

బైండరుకు నిద్ర పట్టేది కాదు. తాను చేసింది సరైనదేనని తెలుసు. తెలిసినా, బావ బస్సులో అలా కిటికీ వంక తిరిగి కూర్చున్న తీరు గుర్తొస్తే లేచి లైటు వేసుకుని కూర్చునేవాడు.

నెల దాటాక ఒక సాయంత్రం బావ షాపుకొచ్చాడు. గుమ్మంలో ఆగి, తల పూర్తిగా ఎడమకు తిప్పి చూసుకుని, రిజిస్టర్ల దొంతి తప్పించుకుని లోపలికొచ్చాడు.

"నీ మీద కోపం ఇంకా పోలేదు," అన్నాడు.

"సరే బావా."

"పోయినప్పుడు చెప్తాను."

"సరే."

బావ ఒక పుస్తకం అందుకుని కుట్టు ఎంత గట్టిగా ఉందో లాగి చూశాడు. షాపు మూసేదాకా కూర్చున్నాడు.