బూట్లకు నడక నేర్పిన మనిషి

పళ్ళు తోముకునే బ్రష్షు కాడను ఆమె కూరగాయల కత్తితో సగానికి కోసింది. ఆ కాడ బరువెంతని? అయినా కోయాల్సిందే. "వీపుకు తగిలించుకునే మూట ఏడు కిలోలు దాటకూడదని యాత్ర సంఘంవాళ్ళు మరీ మరీ చెప్పారు. దాటితే పడిపోయేది నా నడుమే కదా" అన్నాడు ఆయన, సోఫాలో పడుకుని కాళ్ళూపుకుంటూ. అందుకని ఆమె తువ్వాలును నిలువునా చించి ఒక సగమే మూటలో పెట్టింది. మాత్రలు అట్టల్లోంచి తీసి చిన్న కవర్లలో పోసింది. చొక్కాలను, సబ్బుముక్కను, టార్చిలైటును వంటింటి తూకం మీద పెట్టి చూసుకుంది. నాలుగు వందల కిలోమీటర్లు, ఇరవై రెండు రోజులు, కొండ మీది గుడి దాకా కాలినడక. నడిచేది ఆయన.

నడవాలనుకున్నది మాత్రం ఆమె. పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో ఆమె ఉద్యోగం. ఎవరో పేషెంటు బల్ల మీద వదిలేసిన కరపత్రం ఇంటికి తెచ్చుకుని, వారం రోజులు బియ్యం డబ్బాలో దాచుకుని, చివరికి ధైర్యం చేసి "నేను వెళ్తానండీ" అంది. తన కోసం ఒకటి అడగడం పెళ్ళయిన పదహారేళ్ళలో అదే మొదలు. ఆయన పగలబడి నవ్వాడు. "నువ్వా? కూరల కొట్టుకి వెళ్ళొస్తేనే ఆయాసపడతావు!" అత్తగారు నవ్వలేదు, కంగారుపడింది. "అన్ని రోజులు నువ్వు పోతే నా మాత్రలెవరిస్తారే? నీ మొగుడిస్తాడా?" అన్నాక మాత్రం ఆ మాటకు తల్లీ కొడుకూ కలిసి నవ్వుకున్నారు. మర్నాటికి ఆ కరపత్రం అడుగునున్న దరఖాస్తులో ఆయన పేరు ఎక్కింది. ఆఫీసులో అందరూ ఆయన్ని భేష్ అన్నారట. అత్తగారికి కోడలి మీద కాస్త జాలి కలిగినట్టుంది, ఓదార్చింది కూడా. "వాడు నడిస్తే నీకు సగం పుణ్యం వస్తుందిలేవే, కూర్చున్న చోటికే."

కూర్చున్న చోటికి! ఆ ఇంట్లో తాను కూర్చున్న చోటు ఎక్కడుందో ఎవరైనా చూపిస్తే బాగుండుననుకుంది ఆమె.

తర్వాత బూట్లు వచ్చాయి. గట్టి తోలువి, చీలమండ దాకా లేసులు. కొత్త బూట్లతో బయల్దేరితే బొబ్బలెక్కుతాయని, నెలన్నరపాటు తొడిగి మెత్తబరుచుకోవాలని ఆయనకు ఎవరో చెప్పారు. ఆయన వాటిని ఒక్క సాయంత్రం వేసుకుని, అబ్బా అని విప్పేసి, ఆమె ముందు పడేశాడు. "నీదీ నాదీ ఒకే నంబరు కదా. నువ్వేసుకుని తిరుగు." పెళ్ళిచూపుల నాటి నుంచీ అత్తగారు ఏనుగు పాదాలని వెక్కిరించిన ఆ పాదాలు, చూశారా, ఇన్నాళ్ళకు పనికొచ్చాయి. నడవబోయే మనిషే వీటిని తొడగాలని పెట్టెలో ఉన్న కాగితాన్ని ఆమె పైకి చదివి వినిపించింది. "కంపెనీవాళ్ళు అలాగే రాస్తారు" అన్నాడాయన టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా.

ఆమె ఆ బూట్లతోనే వంట చేసింది, బట్టలారేసింది, మూడంతస్తులు ఎక్కి దిగింది. బస్సు మానేసి క్లినిక్‌కు నడిచి వెళ్ళింది. డాక్టరు బల్ల కిందికి వంగి చూసి, "పేషెంట్లకి కనపడకుండా కాళ్ళు లోపలికి పెట్టుకో తల్లీ" అన్నాడు. నర్సులు ఆమెకు బూట్లమ్మ అని పేరు పెట్టారు. మొదటి వారం మడమలు చితికి మేజోళ్ళకు అంటుకుపోయాయి. వాటిని వేణ్ణీళ్ళలో నానబెట్టి ఊడదీసుకుంటుంటే ఆయన చూశాడు. "బొబ్బలన్నాక వస్తాయి, మానతాయి. దానికింత గోలెందుకు?" అన్నాడు. ఆ పైన మూట మోయడం కూడా ఆమెకే అప్పజెప్పాడు, పట్టీలు ఎక్కడ ఒరుసుకుంటాయో చూసి చెప్పమని. ఏడు కిలోలు వీపున వేసుకుని ఆమె రోజూ తెల్లవారుజామున ఊరి చివరి దాకా వెళ్ళొచ్చేది. నెల తిరిగేసరికి ఆయాసం పోయింది. అది ఎవరూ గమనించలేదు. ఆమె గమనించింది.

బయల్దేరే రోజు ఆయన మెడలో దండలు పడ్డాయి. ఫొటోలు తీస్తున్నప్పుడు "నువ్వు కాస్త పక్కకి జరుగు" అన్నారు ఆమెను.

నాలుగో రోజు క్లినిక్‌కు ఫోన్ వచ్చింది. "ఏం బూట్లే ఇవి! వేళ్ళ దగ్గర వదులు, మడమ జారిపోతోంది. నీ ఏనుగు పాదాలతో సాగదీసి పెట్టావు. రెండు కాళ్ళూ పచ్చిపుండ్లయ్యాయి. పాత చెప్పులు పట్టుకుని రా, ఇంటికొచ్చేస్తాను."

"బొబ్బలన్నాక వస్తాయి, మానతాయి" అందామె. ఆమెకు జాలి కలగలేదు. అబద్ధమెందుకు, సంతోషం కలిగింది. ఒళ్ళంతా వేడెక్కేంత సంతోషం.

సెలవడిగితే డాక్టరు విసుక్కున్నాడు. "ఇలాగైతే నేను ఇంకో అమ్మాయిని చూసుకోవాల్సొస్తుంది."

"చూసుకోండి సార్" అంది.

ఇంటికి వెళ్ళి ఆయన చెప్పులు తీసింది. తనవి రెండు జతల బట్టలు సర్దుకుంది. అలమరలో మిగిలిపోయిన తువ్వాలు సగం కూడా పెట్టుకుంది.

యాత్రికుల బసలో ఆయన బకెట్లో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నాడు. ఎవరైనా నడవలేకపోతే, సంఘం వాళ్ళకిచ్చిన యాత్ర కార్డు మీద ఇంట్లోవాళ్ళెవరైనా మిగతా దారి నడవవచ్చని కరపత్రంలో ఉంది. యాత్ర పెద్దకు ఆ మాటే గుర్తుచేసి, కార్డు మీద తన పేరు రాయించుకుని వచ్చింది ఆమె. ఆయనకు అదేం తెలియదు. చెప్పుల్లోకి కాళ్ళు దూర్చుకుంటూ, "పద, బస్సుకి టైమైంది. మూట నువ్వు పట్టుకో" అన్నాడు.

ఆమె ఆయన బట్టలన్నీ ఒక సంచిలోకి తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. తన బట్టలు మూటలో సర్దింది. కింద కూర్చుని బూట్లు తొడిగి లేసులు బిగించింది. వాటిలో పాదాలు ఇంటికొచ్చినట్టు కుదురుకున్నాయి.

"ఏమే, నీకేమైనా మతి పోయిందా? ఇంట్లో అమ్మ సంగతేంటి?"

నాలుగు మడతల కాగితం ఒకటి ఆయన చేతిలో పెట్టిందామె. "అత్తయ్య మాత్రలండీ. తెల్లవి పరగడుపున, గులాబీవి అన్నం తిన్నాక. మింగకుండా దిండు కింద పెట్టేస్తుంది, నోరు తెరిపించి చూడండి."

ఆయన లేవబోయి, మడమ నేలకు ఆనగానే కెవ్వుమని కూలబడ్డాడు. ఆమె మూట వీపున వేసుకుని, పట్టీలు బిగించుకుని, గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి వెనక్కి తిరిగింది.

"ఊరికే బాధపడకండి. నేను నడిస్తే మీకు సగం పుణ్యం వస్తుందిలెండి, కూర్చున్న చోటికే."