పిన్ని కణాలు

బయట ఏ మందుకీ లొంగని క్యాన్సర్ కణం నా ల్యాబులో తుమ్మితే చస్తుంది. నా ఉద్యోగమంతా ఈ ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు. కండరాల్లో పుట్టే ఒక అరుదైన క్యాన్సర్ మీద నేను పరిశోధన చేస్తాను. ఆపరేషన్‌లో తీసిన గడ్డలోంచి చిన్న ముక్క తెచ్చి, ప్లాస్టిక్ పళ్లెంలో వేసి, పోషక ద్రవం పోసి, ఒంటి వేడిలో పెంచాలి. పెరిగితేనే ఏ జన్యువు చెడిందో, ఏ మందుకి చస్తుందో తేల్చగలం. అవేమో పెరగవు. సెలవు రోజుల్లో కూడా వెళ్లి ద్రవం మార్చి చంటిపిల్లల్లా సాకుతాను. అయినా మూడోవారానికల్లా ముడుచుకుని పైకి తేలతాయి. చంటిపిల్లలే నయం, కనీసం ఏడ్చి చెబుతారు.

"ఇంకెన్నాళ్లమ్మా ఇది?" అని మా డైరెక్టరుగారు ప్రతి సమీక్షలోనూ నస పెడతారు. "పక్క ల్యాబువాళ్లు కంపెనీల దగ్గర కొన్న కణాలతోనే ఏడాదికి నాలుగు పేపర్లు వేస్తున్నారు."

కొన్న కణాలు ఎవరి దగ్గరైనా కలుపు మొక్కల్లా పెరుగుతాయి, కానీ నా రోగుల గడ్డలు వాటిలా ఉండవు. ఈ సంగతి చెప్పీ చెప్పీ నా నోరు అరిగిపోయింది.

సరిగ్గా అలాంటి గడ్డే పిన్ని తొడలో వచ్చింది. అమ్మ పోయాక నన్ను పెంచింది పిన్నే. బెణుకనుకుని నెలల తరబడి నూనె రాసుకుందట. క్యాన్సర్ మీద పనిచేసే మనిషిని ఇంట్లో పెట్టుకుని! నాకెందుకు చెప్పలేదని అరిస్తే, "నువ్వు పనిలో ఉంటావు కదే" అంది. ఒళ్లు మండిపోయింది.

సర్జన్ గడ్డ తీసేశాడు. లోపల ఇంకా మిగిలే ఉంటుందని, మామూలు మందులు దీని మీద అంతగా పనిచేయవని చెప్పాడు. గడ్డలో ముక్కని నా ల్యాబుకివ్వమని పిన్ని నాకు చెప్పకుండానే సంతకం పెట్టేసింది. సొంతవాళ్లది నేను ముట్టుకోనని పోట్లాడాను.

"ఊరందరి గడ్డలూ కావాలిగానీ నాది చేదా?" అంది. "నా తొడలో నిక్షేపంలా పెరిగిందే. నీ దగ్గర పెరగడానికి దానికేం రోగం?"

నవ్వాలో తల బాదుకోవాలో తెలియలేదు. పని చేసేటప్పుడు పక్కన ఇంకొకరు ఉండాలన్న షరతు మీద, పరిశోధనలకి అనుమతులిచ్చే మా కమిటీ ఒప్పుకుంది.

ఇక రోజూ ఫోను. "ఏమంటున్నాయే నా కణాలు? తింటున్నాయా?"

"వాటికి నోరుందా పిన్నీ, తినడానికి!"

"కసురుకోకే. నీ చిరాకు చూసే చస్తున్నాయేమో."

మూడోవారం వచ్చింది. భయపడుతూనే మైక్రోస్కోపులో చూశాను. ఒక్కటీ తేలలేదు. పళ్లెమంతా పరుచుకుని, చోటు చాలక ఒకదాని మీద ఒకటి ఎక్కుతున్నాయి. ఇంకో పళ్లెంలోకి పంచితే అదీ నిండిపోయింది. డైరెక్టరుగారు పరుగున వచ్చి చూసి, "సాధించావమ్మా! పెద్ద పేపరవుతుంది" అన్నారు.

"నోరు మూసుకోండి సార్" అన్నాను.

ఆయన మొహం మాడిపోయింది. నేను ఆ పళ్లేన్నే చూస్తున్నాను. మెల్లగా పెరిగే గడ్డలు ప్లాస్టిక్ మీద బతకలేవు. ఇక్కడే ఇంత జోరుగా పెరుగుతున్నదంటే, ఒంట్లో మిగిలినది ఎంత జోరు మీదుందో నాకు తెలుసు. ఇన్నేళ్లూ దేనికోసం చచ్చేలా పనిచేశానో అది కళ్లెదుట ఉంది. దాన్ని నేలకేసి కొట్టాలనిపించింది.

సాయంత్రం పిన్ని దగ్గరికి వెళ్లాను. కాలు దిండు మీద పెట్టుకుని కూర్చుని ఉంది.

"పెరిగాయి" అన్నాను.

"అమ్మయ్య!" అని చప్పట్లు కొట్టింది. "మరి ఆ ఏడుపు మొహమేంటే?"

అబద్ధం చెప్పబోయాను. పిన్ని ముందు నా అబద్ధాలు ఎప్పుడూ నిలవలేదు. చెప్పేశాను. తొడ మీది కట్టుని వేలితో తడిమింది.

"అంటే లోపల కూడా ఇలాగే ఉరుకుతోందన్నమాట."

"ఊఁ."

"నీ దగ్గర మందులు చాలా ఉన్నాయన్నావు. అన్నీ వాటి మీద పోసి చూడొచ్చా?"

"చూడొచ్చు. ఏదో ఒకటి పనిచేస్తుందని మాత్రం చెప్పలేను."

"చెప్పమన్నానా? మరి ఇక్కడ కూర్చుని నా మొహం చూస్తావేం? లేచి వెళ్లు." నా చెంప తుడిచి, భుజం పట్టుకుని గట్టిగా నెట్టింది. "ఇన్నేళ్లూ వాటిని బతికించడమే అలవాటైపోయింది నీకు. నావి కదా అని జాలిపడి ఒక్కదాన్ని కూడా వదలకు."