ఐడా మడమల వేర్లు

పొద్దున్నే కాఫీ రెండు గుక్కలు తాగాక వెండెల్ పెద్దాయన చిన్న స్టూలు లాక్కుని కూచుంటాడు. భార్య ఐడా కాళ్ళు ఒళ్ళో పెట్టుకుని, రాత్రికి రాత్రి మడమల్లోంచి మొలిచిన వేర్లు కత్తిరిస్తాడు. తెల్లగా, సన్నగా, ఉడికిన సేమ్యాలా ఉంటాయవి. ఏటవాలుగా కత్తిరిస్తే చక్కిలిగిలి తక్కువని ఊళ్ళో డాక్టరమ్మ చెప్పింది.

ఒక్క పూట మానేశాడా, ఐడా వంటింటి నేలకి అతుక్కుపోతుంది. ఒకసారి చర్చివాళ్ళ విందులో గడ్డి మీద నిలబడి కబుర్లలో పడింది. ఇంటికి పోదామంటే కాళ్ళు రాలేదు. ముగ్గురు మగాళ్ళు కూచుని మెల్లగా తవ్వి తీశారు. ఈలోగా ఆవిడ బంగాళాదుంప సలాడు ఇంకో మారు వడ్డించుకుంది.

మట్టోల్ నది పక్క కొండల్లో వాళ్ళది గంజాయి మొక్కల నర్సరీ. లైసెన్సు గోడకి వేలాడుతూ ఉంటుంది. లైసెన్సు రాకముందు సంగతులు అడక్కండి! నలభై ఏళ్ళుగా పెంచేది ఒకటే రకం, పేరు ఆదివారం దుప్పటి. ఆకు నలిపితే అచ్చం ఎండలో ఆరిన దుప్పటి వాసన. దీనికి విత్తనమంటూ లేదు. తల్లి మొక్క కొమ్మ కోసి, తడి పీచులో గుచ్చి, ప్లాస్టిక్ మూత కింద వెచ్చగా ఉంచితే పది పన్నెండు రోజుల్లో వేరు పోస్తుంది. ఏటా కొండ మీది రైతులందరూ ఆ పిల్ల మొక్కలే పట్టుకుపోతారు. ఐడా చెప్పులన్నవి ఎరగకుండా ఆ తడి ట్రేల మధ్యే తిరిగింది.

ఈ పనిలో పాటించాల్సిన మడి ఒక్కటే. ఒక తల్లిని కోశాక ఇంకో తల్లి దగ్గరికి పోయే ముందు కత్తెర బ్లీచు నీళ్ళలో ముంచాలి. ఒక వసంతంలో పక్క కొండ మీది రస్టీ వచ్చి సాల్మన్ చేపల గురించి వాదన పెట్టుకున్నాడు. వాదిస్తూ వాదిస్తూ వెండెల్ ఉన్న ఆరు తల్లుల్నీ కత్తెర ముంచకుండానే కోసేశాడు. ఒకదానిలో పైకి కనపడని తెగులుంది. నెల తిరిగేసరికి ఆరింటికీ, వాటి పిల్లలకీ పాకింది. కొమ్మ పట్టుకుంటే బిస్కెట్టులా విరిగిపోతోంది. ఆకులు పరీక్షకి పంపితే, అన్నీ కాల్చెయ్యాలని కాగితం వచ్చింది.

"ఈ చేతులు నరికెయ్యాలి," అన్నాడు వెండెల్.

"నరికేస్తే రేపు పొద్దున నా కాళ్ళెవరు చూస్తారు? కూచో."

రకం పోతే నర్సరీ లేదు. నర్సరీ లేకపోతే స్థలం అమ్ముకుని యురేకా ఊళ్ళో మూడో అంతస్తు అపార్ట్‌మెంటుకి పోవాలి. వెళ్ళి చూసొచ్చారు కూడా. ఐడా గోడల వంక చూడలేదు. బొటనవేలితో కార్పెట్టు నొక్కి, "దీని కింద ఏముంది?" అంది.

"సిమెంటండీ," అన్నాడు ఇల్లు చూపించే కుర్రాడు.

"దాని కింద?"

"ఇంకొకరి కాపురం."

తిరిగి రాగానే ఆవిడ తిన్నగా పెరట్లోకి పోయి మట్టి మీద నిలబడింది.

మర్నాడు వెండెల్ కత్తెర తియ్యగానే కాళ్ళు వెనక్కి లాక్కుంది. "కత్తిరించకు. పెరగనీ."

"పెరిగి?"

"నలభై ఏళ్ళు దాని నీళ్ళలోనే నానాయి ఈ కాళ్ళు. ఇవి దాని వేర్లు కాక ఎవరివి?"

కాఫీకని వచ్చిన రస్టీ అది విని పగలబడి నవ్వాడు. "వదినా, కొమ్మకి వేరొస్తుంది గానీ వేరుకి కొమ్మొస్తుందా? గంజాయనుకున్నావా, అల్లమనుకున్నావా?"

"నీ తలకి మాత్రం ఏం మొలిచింది గనక? ఆ కుర్చీ ఇలా జరుపు."

షెడ్డులో కుర్చీ వేయించుకుని కూచుంది. కుడికాలు పీచు ట్రేలో పెట్టింది. ట్రే ఇరుకు, అందుకని ఎడమకాలు కింద మట్టిలో పెట్టింది. తొమ్మిది రోజులు అక్కడే తిండి, అక్కడే నిద్ర. తొమ్మిదో రోజున వెండెల్ కుడిమడమ వేర్లు చిటికెన వేలంత ముక్కలుగా కోశాడు. కోతకోసారి కత్తెర ముంచుతున్నాడు.

"ఉన్నది నేనొక్కదాన్నే కదయ్యా, ఎన్నిసార్లు ముంచుతావు?"

"ముంచనీవే."

ముక్కల్ని ట్రేలో పడుకోబెట్టి, పైన పల్చగా పీచు చల్లి మూత పెట్టాడు. మొక్కలు చూడందే లేవనని ఐడా ఆ కుర్చీలోనే ఉండిపోయింది. పధ్నాలుగో రోజున సూదిమొనంత పచ్చదనం పైకొచ్చింది. నెలకల్లా రంపపు అంచుల ఆకులు. రస్టీ ఒక ఆకు నలిపి వాసన చూశాడు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. "నాకో యాభై మొక్కలు రాసుకో వదినా," అన్నాడు. ఈసారి పరీక్ష కాగితంలో ఏ తెగులూ లేదని వచ్చింది. వెండెల్ ఫోన్ చేసి అపార్ట్‌మెంటు వద్దని చెప్పేశాడు.

ఇక ఇంట్లోకి పోదామని వెండెలూ రస్టీ చెరో చెయ్యి పట్టుకుని ఐడాని లేపబోయారు. కుడికాలు లేచింది, ఎడమది కదల్లేదు. ఆ వేరు షెడ్డు దాటి, గట్టు దాటి ఎంత లోతుకి పోయిందో ఎవరికి తెలుసు!

"తవ్వమంటావా?" అన్నాడు వెండెల్.

"వద్దు. కింద చల్లగా బావుంది. నది చప్పుడు కాలికి తెలుస్తోంది."

వారం తిరిగేసరికి స్టవ్వూ, మంచమూ, రేడియో షెడ్డులోకి వచ్చేశాయి. రస్టీ తన పెరటి కొట్టానికున్న కిటికీ ఒకటి ఊడదీసుకొచ్చి బిగించి పెట్టాడు.

అన్నీ సర్దాక వెండెల్ ఇంకో కుర్చీ తెచ్చి ఆవిడ పక్కన వేసుకున్నాడు. బూట్ల తాళ్ళు విప్పి, బూట్లు పక్కన పెట్టి, పాదాలు రెండూ తడిమట్టి మీద ఆనించాడు.

"నాకు రావాలంటే ఇంకో నలభై ఏళ్ళు పడుతుందేమోనే," అన్నాడు.

"ముందు ఆ సాక్సులు తియ్యి," అంది ఐడా.