ఊదారంగు చుక్క

తలుపులు బార్లా తెరుచుకుని ఉండగానే, ఎవరూ బటన్ నొక్కకుండానే, ఖాళీ లిఫ్టు తనంతట తాను పైకి కదిలిపోయింది.

ఎక్కబోయిన పెద్దావిడ అలవాటు కొద్దీ చేతికర్ర ముందు లోపల ఆనించింది కాబట్టి బతికింది. లిఫ్టు నేలకూ తలుపు పైచట్రానికీ మధ్య ఇరుక్కుని కర్ర ఫట్‌మని విరిగింది. ఆ కర్ర స్థానంలో ఏముండేదో తలచుకుని వరండాలో ఉన్నవాళ్ళంతా లిఫ్టు గుమ్మం నుంచి వెనక్కి జరిగారు.

లిఫ్టుల ఇన్‌స్పెక్టరమ్మ వచ్చేసరికి ఆ ముక్కలు ఇంకా అక్కడే పడి ఉన్నాయి. ఆవిడ వాటిని దాటుకుని, మెట్లన్నీ ఎక్కి, సరాసరి మేడ మీది మెషిన్ రూముకు పోయింది. అప్పటికే అక్కడ ఇద్దరున్నారు. ఆ బిల్డింగు లిఫ్టును చూసుకునే షాపు యజమాని ఒకరు. ఆయన దగ్గరే పని నేర్చుకుని, ఆయన కూతుర్నే పెళ్ళాడిన మెకానిక్కు మరొకడు.

"చివరిసారి దీన్ని ముట్టుకున్నదెవరు?"

"ఇంకెవరు మేడం, మా అల్లుడుగారు!" అన్నాడు మామ, ఆ 'గారు'ను పళ్ళ మధ్య నమిలి. "ఏదైనా ఫోన్లోనే చూడాలి ఈయనకి. నట్టు విప్పాలన్నా ఫోనే, బిగించాలన్నా ఫోనే. దాహం వేస్తోందో లేదో కూడా దాన్నే అడుగుతాడు!"

అల్లుడు ఫోను జేబులోకి తోసుకున్నాడు.

ఆవిడ టార్చి వేసి మోటారు పక్కన వంగింది. బ్రేకుకు రెండు వైపులా బలమైన స్ప్రింగులున్నాయి. అవి గట్టిగా నొక్కిపట్టినంతసేపే లిఫ్టు నిలబడుతుంది. తీగలకు అవతలి కొసన వేలాడే ఇనుప దిమ్మలు ఖాళీ లిఫ్టు కంటే బరువు. బ్రేకు పట్టు సడలిందా, దిమ్మలు కిందికి, లిఫ్టు పైకి.

రెండు స్ప్రింగుల నట్లూ వదులు చేసి ఉన్నాయి. రెంటి మీదా ఊదారంగు చుక్కలు నిగనిగలాడుతున్నాయి.

"ఇదేమిటి?"

"గోళ్ళరంగు మేడం," అన్నాడు అల్లుడు. "నట్టు తిప్పాక చుక్క పెడతాం. ఆ తర్వాత అది జరిగితే చుక్క చీలి తెలిసిపోతుంది. అందరూ పెయింటు పెన్ను వాడతారు. మా షాపులో మాత్రం మా అత్తగారి సీసా."

"సరే. వదులెందుకు చేశావ్?"

"బ్రేకు కీచుమంటోందని పైఅంతస్తు వాళ్ళు గొడవ పెట్టారు. ఫోన్లో వెతికితే, ఇదే ప్రశ్నకు ఎవరో రాసిన జవాబులో రెండు స్ప్రింగులూ ఒక చుట్టు వదలమని ఉంది. వదిలాను. అరుపు ఆగింది."

"అరుపు ఆగింది. లిఫ్టు ఆగలేదు." ఆవిడ గొంతు పెరిగింది. "లోపలి లైనింగు పట్టీ అరిగితే బ్రేకు అరుస్తుందయ్యా. లైనింగు మార్చాలి. అసలే అరిగిన బ్రేకును ఇంకా వదిలితే ఏమవుతుందో ఒక్క క్షణం ఆలోచించలేదా?"

అల్లుడు నోరు తెరిచాడు. మామ వైపు చూశాడు. నోరు మూసుకున్నాడు.

"లేదు మేడం."

"అయితే సాయంత్రం నా రిపోర్టు వెళ్తుంది. నీ లైసెన్సు రద్దవుతుంది. ఇక ఏ లిఫ్టు మీదా చెయ్యి వేయలేవు."

"నాకింకో పని రాదు మేడం," అన్నాడు అల్లుడు.

మామ కిటికీ దగ్గరికి వెళ్ళాడు, తలుపు దగ్గరికి వచ్చాడు, మళ్ళీ కిటికీ దగ్గరికే వెళ్ళాడు.

"కాస్త ఒకచోట నిలబడండి, కళ్ళు తిరుగుతున్నాయి," అని ఆయన్ని కసిరి, ఆవిడ అల్లుడి వైపు చెయ్యి చాపింది. "ఏదీ, ఆ జవాబు చూపించు."

అల్లుడు ఫోను తీసి వెతికాడు. అన్నిటికంటే పైన ఉన్నదాన్ని నొక్కాడు. తెర మీద ఒకే ఒక వాక్యం: ఈ జవాబును రాసినవారు తొలగించారు.

"అదేంటి! ఇందాకే ఉంది మేడం, కింద వరండాలో నిలబడి చూశాను!"

"ఇందాకే ఉందా?"

"ఒట్టు మేడం!"

ఆవిడ ఫోను లాక్కుని రెండోది తెరిచింది. మూడోది తెరిచింది. సైటు వేరు, రాసినవాళ్ళ పేర్లు వేరు, మాటలు మాత్రం అచ్చుగుద్దినట్టు అవే. కింద వరసగా థాంక్సులు. 'నాకూ అరుపు పోయింది.' 'సూపర్ సార్.' ఎక్కడి లిఫ్టులో, ఎవరెక్కుతున్నారో! ఆవిడ వేలు గబగబా జరిగి, చివరి వాక్యం దగ్గర ఠక్కున ఆగింది. ఆవిడ పైకే చదివింది.

"'పని అయ్యాక నట్ల మీద గోళ్ళరంగు చుక్క పెట్టడం మరవకండి.'"

అప్పటిదాకా ఒక్కచోట నిలవని మామ కిటికీ దగ్గరే ఆగిపోయాడు.

ఆవిడ మెల్లగా ఆయన వైపు తిరిగింది. తాను వచ్చినప్పటి నుంచీ ఆయన కుడిచెయ్యి వీపు వెనకే ఉంది. కిటికీ అద్దంలో ఆ చేతిలోని ఫోను వెలుగుతూ కనబడింది.

"అదిలా ఇవ్వండి."

"ఆయన్ని వదిలేయండి మేడం," అల్లుడు అడ్డొచ్చాడు. "నట్టు తిప్పింది నేను. మీకు కావాల్సింది అదేగా!"

"నువ్వు నోర్మూసుకోరా," అన్నాడు మామ. కానీ ఈసారి ఆ గొంతులో కసి లేదు. గోడకు ఆనుకుని అలాగే నేల మీదికి జారి కూర్చున్నాడు.

"వాడు ఆలోచించాడు మేడం. మీతో అబద్ధం చెప్పాడు. ఆ బ్రేకు పక్కనే నిలబడి నాకు ఫోన్ చేశాడు. 'మామయ్యా, వదులు చేస్తే పట్టు పోదూ?' అన్నాడు. ఎంత మంచి ప్రశ్న! నేనేం చేశానో తెలుసా? ఉండమని చెప్పి, నేనూ ఫోన్లోనే వెతికాను. పైపైన చూశాను. ఎక్కడ చూసినా ఒకటే మాట. 'ఇంతమంది చెబుతుంటే నీకేం పొయ్యేకాలంరా, వదులు చెయ్యి' అన్నాను. పొద్దున కర్ర ముక్కలు చూశాక గానీ ఆ రాతను చివరిదాకా చదవలేదు. గోళ్ళరంగు దగ్గరికొచ్చేసరికి తెలిసిపోయింది. మొట్టమొదట అది రాసింది నేనే మేడం. బ్రేకు అరుస్తోంది ఏం చేయాలని ఎప్పుడో ఎవరో అడిగారు. నాకు తెలీదు. తెలీదంటే నా పెద్దరికం ఏమైపోవాలి? తోచింది రాసేశాను. రాసి మర్చిపోయాను. దాన్ని వాళ్ళూ వీళ్ళూ ఎత్తి రాసుకున్నారు. నా ఊహే పదిమంది నోళ్ళలోంచి తిరిగొచ్చి నాకు పాఠం చెబితే, బుద్ధిగా విన్నాను. మీరు మెట్లెక్కుతుంటే నాది తీసేశాను. నేరం వాడి మీద పడుతుందని తెలిసే తీసేశాను. రిపోర్టులో నా పేరు రాసుకోండి, వాణ్ణి వదిలేయండి. కానీ మేడం, ఇందాకట్నుంచీ మిగతావి కూడా తీయాలని చూస్తున్నాను. అవి నావి కావట. తీయడం నావల్ల కాదట."