మదలెన్ రాసిన పదకొండో ఉత్తరం

“ఒక్క ఉత్తరమే కదా, తీసెయ్. వాళ్ళ తాతముత్తాతలు, వాళ్ళ పరువు. మధ్యలో నీకెందుకు?” అన్నాడు మొగుడు విజయకుమార్, సోఫాలోంచి లేవకుండానే. గిరిజ గారెల పిండి రుబ్బుతోంది. మర్నాడు ఆదివారం భోజనానికి మధుసూదనరావు గారూ, ఆయన భార్య శేషారత్నం గారూ వస్తున్నారు.

యానాంలో పుట్టిన పుణ్యాన గిరిజకు ఫ్రెంచి వచ్చు. వెల్లింగ్టన్‌లో ఆ ఫ్రెంచికి ఉద్యోగమేదీ దొరకలేదు గానీ, ఊరికే చేయించుకునేవాళ్ళు మాత్రం దొరికారు. మూడు వందల ఏళ్ళ కిందట ఫ్రాన్సు రాజు మతం మారమని పీకల మీద కూర్చుంటే దేశం విడిచి పారిపోయిన ప్రొటెస్టంట్లను హ్యూగెనోలంటారు. వాళ్ళ వారసుల సంఘం ఒకటి ఊళ్ళో ఉంది. దాని అధ్యక్షుడు పీటర్ లమార్ష్‌కి ఇంటిపేరు తప్ప ఫ్రెంచి ముక్క రాదు. వంశచరిత్ర అచ్చు వేయిస్తూ, పూర్వీకురాలు మదలెన్ చెల్లెలికి రాసిన పదకొండు ఉత్తరాల జిరాక్సులు ఇంగ్లీషులోకి మార్చిపెట్టమని గిరిజ చేతిలో పెట్టాడు. డేకేర్‌లో ఉద్యోగం, ఇంట్లో వంట, అంట్లు, కూతురి హోంవర్కు పోగా మిగిలిన శనివారాలన్నీ ఎనిమిది నెలలపాటు వాటికే పోయాయి. “నీకు మంచి టైంపాస్ దొరికింది” అనేవాడు విజయకుమార్.

లమార్ష్‌ల ఇంట్లో అందరూ చెప్పుకునే కథ ఒకటుంది. మూలపురుషుడు జాక్ నమ్మిన దేవుడి కోసం ఆస్తి వదిలి, పెళ్ళాం పిల్లల్ని వెంటబెట్టుకుని లండన్ చేరాడని. పదకొండో ఉత్తరంలో సంగతి వేరు. మతం మారేదాకా కదలొద్దని రాజు ఆరుగురు సైనికుల్ని వాళ్ళింట్లో దింపాడు. నెలరోజులు వాళ్ళకు వండి వార్చింది మదలెన్. నెల తిరిగేసరికి జాక్ మతం మారతానని సంతకం పెట్టి, ద్రాక్షతోటలు దక్కించుకుని అక్కడే ఉండిపోయాడు. మదలెన్ సంతకం పెట్టలేదు. ఇద్దరు కొడుకులతో ఓడలో పీపాల చాటున దాక్కుని లండన్ వెళ్ళి, పట్టు నేతగాళ్ళకు దారం చుట్టి బతికింది. తొమ్మిదేళ్ళకు తోటలు పోయాక జాక్ వచ్చి చేరాడు. ఏడాది తిరక్కుండానే కాందిశీకుల చర్చిలో పెద్దమనిషి అయ్యాడు.

పీటర్ ఎంతో మర్యాదగా మెయిల్ రాశాడు. ఈ ఉత్తరం కుటుంబంలో కొందరిని నొప్పిస్తుందట. సోమవారం పుస్తకం ప్రెస్సుకు వెళ్తుంది, పది ఉత్తరాలు చాలునట. గిరిజకు కడుపు మండింది. ఆ మంటతోనే చేతులు కడుక్కుని, పదింటితో వేరే ఫైలు తయారుచేసింది. ఎవరింటి గొడవో నెత్తికెత్తుకోవడం దేనికి, రేపు పంపేస్తే సరి అనుకుంది.

ఆదివారం గారె తుంచుతూ విజయకుమార్ తన కథ ఎత్తుకున్నాడు. “రెండు సూట్‌కేసులండీ, అంతే. తెలిసినవాడు ఒక్కడు లేడు. ఇక్కడ సెటిల్ అవ్వడమంటే మాటలా!”

“ఎంత ధైర్యం బాబూ నీది!” అన్నారు శేషారత్నం గారు. ఈ కథ గిరిజ ఇరవైసార్లు విని ఉంటుంది, ప్రతిసారీ గరిటె చేతిలో ఉండగానే.

ఎనిమిదేళ్ళ అలేఖ్య హుషారుగా అందుకుంది. “డాడీయే ఫస్ట్ వచ్చారు ఆంటీ. నన్ను కూడా ప్లేన్‌లో తెచ్చారు. అమ్మ తర్వాత వచ్చింది.”

విజయకుమార్ నవ్వాడు. కాదనలేదు.

రెండువేల పన్నెండులో స్టూడెంట్ వీసా మీద ఒంటరిగా ఆక్లండ్‌లో దిగింది గిరిజ. “ముందు నువ్వెళ్ళు. కుదిరితే నేనొస్తా, కుదరకపోతే నా ఉద్యోగం నాకుంటుంది” అని పంపించాడు మొగుడు. ఏడాదిన్నర పిల్లను యానాంలో అమ్మ ఒళ్ళో పెట్టి బయల్దేరితే, “కన్నబిడ్డను వదిలిపోయే తల్లి ఉంటుందా!” అని అత్తగారు ఊరంతా చెప్పారు. ఆక్లండ్ శివారు మనురేవాలో ఐదుగురు ఆడపిల్లల ఫ్లాటులో హాల్లో పరుపు, పగలు కాలేజీ, సాయంత్రం షాపులో ఉల్లిపాయలు సంచులకెత్తడం, గడ్డకట్టిన పాలు బాత్రూంలో పిండుకుని ఏడవడం. పద్నాలుగు నెలలకు ఆయన ఆమె వీసా మీద పిల్లను ఎత్తుకుని దిగాడు. ఎయిర్‌పోర్టులో తల్లిని చూసి ఎవరో అనుకుని పిల్ల గుక్కపట్టింది.

“కాదు అలేఖ్యా. ముందు నేనొచ్చాను. మీ నాన్న నా వీసా మీద తర్వాత వచ్చారు” అంది గిరిజ.

“అబ్బా, ఇప్పుడవన్నీ ఎందుకు గిరిజా?” అన్నాడు విజయకుమార్ నవ్వుతూనే. మధుసూదనరావు గారు తల వంచుకుని పప్పు కలుపుకున్నారు.

అలేఖ్య తల్లి వైపే చూస్తోంది. “రియల్లీ? మరి డాడీ చెప్పినప్పుడల్లా నువ్వు ఇక్కడే ఉన్నావుగా. నువ్వెందుకు చెప్పలేదు?”

మొగుడి మాటలు చాలాసార్లు గుచ్చుకున్నాయి గానీ ఇంత లోతుకు ఏదీ దిగలేదు. మదలెన్ తన ఉత్తరం తను రాసి పెట్టింది. దాన్ని తీసెయ్యడానికి ఇంకొకళ్ళు కావలసివచ్చారు. తనకు ఆ అవసరం కూడా పడలేదు. మంచి ఇల్లాలనిపించుకోవడానికి ఇన్నేళ్ళూ తన కథ తనే తీసేసుకుంటూ వచ్చింది.

పులుసుగిన్నె బల్ల మీద పెట్టి గదిలోకి వెళ్ళింది. పదకొండు ఉత్తరాల ఫైలు పీటర్‌కు పంపుతూ రాసింది. “వేస్తే మొత్తం వేయండి, అనువాదం గిరిజ అని వేయండి. లేదంటే ఒక్కటీ వద్దు.”

“గిరిజా, పెరుగేదీ?” అని కేకేశాడు విజయకుమార్.

అలేఖ్య వచ్చి గుమ్మంలో నిలబడింది. “అమ్మా, చెప్పలేదు నువ్వు.”

గిరిజ మంచం మీద జరిగి కూతురికి చోటిచ్చింది.

“నిన్ను వదిలేసి వచ్చింది నేనే” అని మొదలుపెట్టింది.