వాత ఎవరి చేతికి

లెక్కల పీరియడ్ గంట కొట్టేసరికి ఊళ్ళో సగం పనులు ఆగిపోయేవి. బస్సు డ్రైవరు బస్సుని రోడ్డు పక్కకి తీసి ఆపేవాడు. దర్జీ కత్తెర కింద పెట్టేవాడు. బస్సులో జనం గానీ, కొట్లో జనం గానీ విసుక్కునేవాళ్ళు కాదు. ఆ బడిలో బెత్తం పడేది పిల్లల చేతిమీదే. వాత తేలేది మాత్రం ఆ పిల్లల్ని లోకంలో అందరికంటే ఎక్కువగా ప్రేమించే మనిషి చేతిమీద. మొదట్నుంచీ అంతే.

అందుకని పిల్లలు సుఖపడ్డారనుకుంటే పొరపాటు. తనకి తగిలితే ఓర్చుకునే పిల్లాడు కూడా అమ్మకి తగులుతుందంటే వణికిపోతాడు. ఈ సంగతి లెక్కల మాస్టారికి బాగా తెలుసు. "ఇప్పుడు మీ అమ్మ ఏం చేస్తూంటుందిరా?" అని అడిగి మరీ కొట్టేవాడు. పాపిష్టి మనిషి.

ఓ రోజు రొట్టెల కొట్టు నడిపే ఆవిడ చేతికి కట్టుతో తిన్నగా క్లాసులోకి వచ్చేసింది. ముందురోజు ఆటల పీరియడ్‌ని కూడా మాస్టారు లాగేసుకుని లెక్కలు చెప్పాడు. ఆ సంగతి తెలియక ఆవిడ పొయ్యిలోంచి వేడి రేకు తీస్తూంటే అరచెయ్యి చుర్రుమంది. రేకు జారి మోచెయ్యి దాకా కాలింది.

"గంట చూసుకునే కదా పొయ్యి దగ్గరికి వెళ్తాం! ఆటల పీరియడ్‌లో కూడా కొడితే మేం పనెప్పుడు చేసుకోవాలి?"

"మీవాడికి బుర్రుంటే నాకీ అవస్థ ఎందుకూ?" అన్నాడు మాస్టారు.

"మీ అమ్మాయీ ఈ క్లాసేగా. ఎప్పుడైనా కొట్టారా?"

మాస్టారు ఎగిరిపడ్డాడు. "తప్పు చేస్తే దాన్నీ కొడతాను! తల్లి లేని పిల్ల, దానికి నేను తప్ప ఎవరున్నారు? ఆ దెబ్బ నాకే తగులుతుంది. ఓర్చుకుంటాను. మీలా రచ్చ చెయ్యను."

ఆవిడ అక్కణ్ణుంచి కదల్లేదు. రోషం కొద్దీ మాస్టారు కూతుర్ని బోర్డు దగ్గరికి పిలిచి ఓ భాగహారం ఇచ్చాడు. పిల్ల భయంతో శేషం తప్పు రాసింది. చెయ్యి పట్టమన్నాడు. తనకి తగలబోయే దెబ్బకి పళ్ళు బిగబట్టి బలంగా కొట్టాడు.

ఆయనకేం కాలేదు. వరండాలో బకెట్టు దబ్బున పడింది. "అమ్మో!" అని బడి ఆయా కేక వినిపించింది.

క్లాసులో ఎవరూ ఆశ్చర్యపోలేదు. రోజూ పొద్దున్నే ఆ పిల్లకి జడ వేసేదీ, ఒళ్ళు వెచ్చబడితే బల్లమీద పడుకోబెట్టి పక్కన కూర్చునేదీ ఆయాయేనని అందరికీ తెలుసు, మాస్టారికి తప్ప. రొట్టెలావిడ ఒక్క మాట కూడా అనకుండా వెళ్ళిపోయింది. నాలుగు తిట్టిపోతే బాగుండేదనిపించింది ఆయనకి.

స్టాఫ్‌రూమ్‌లోకి పోయి తలుపేసుకున్నాడు. కూతురి గురించి తనకేం తెలుసో గుర్తుచేసుకోబోతే మార్కులు తప్ప ఇంకేమీ తట్టలేదు. తనమీద తనకే అసహ్యం పుట్టింది. ఎడమ అరచెయ్యి చాపి, బెత్తం ఎత్తి కసిగా కొట్టుకున్నాడు. నొప్పి లేదు. చెయ్యి మొద్దుబారిందేమో అనుకుని ఇంకా గట్టిగా కొట్టుకున్నాడు. మళ్ళీ కొట్టుకున్నాడు.

ఎవరో తలుపు దబదబా బాదారు. తీస్తే ఎదురుగా ఆయా. ఆవిడ నడుం కరుచుకుని పిల్ల.

"చాలించండి సారూ! పిల్లకి తగులుతోంది!"

పిల్ల అరచెయ్యి వాతమీద వాత తేలి కందిపోయి ఉంది. మాస్టారు సిగ్గుతో చచ్చిపోతూ, బెత్తం ఇంకా చేతిలోనే ఉందన్న ధ్యాస కూడా లేకుండా, కూతురివైపు ఒకడుగు వేశాడు.

పిల్ల కళ్ళు గట్టిగా మూసుకుని రెండో చెయ్యి చాపింది.

ఆయన బెత్తం పట్టడం అదే ఆఖరు. ఆ బడిలో లెక్కలు చెప్పడమూ అదే ఆఖరు.