మధ్య వాక్యం

ధర్మవరం చర్చిలో ఆ శుక్రవారం ఉపవాస ప్రార్థన ముగిసి జనం చెప్పులు వెతుక్కుంటుంటే, పాటలకు కీబోర్డు వాయించే క్రాంతి కుమార్ దాన్ని వదిలేసి వచ్చి అత్త ఆదిలక్ష్మి రెండు చేతులూ పట్టుకున్నాడు. నా కోసం ప్రార్థన పెట్టించినావు, శానా సంతోషం అన్నాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్లు అల్లుడి మీద ఎంత ప్రేమో అని మెచ్చుకున్నారు. ఆదిలక్ష్మి చేతులు వెనక్కి లాక్కుంది.

ఆమె పెట్టిన విన్నపం అది కాదు. పట్టుచీరలకు కుచ్చులు వేసే మనిషి ఆమె. రాయడం అలవాటు లేక, ఫోనులో మైకు గుర్తు నొక్కి మాట్లాడితే తెలుగులో అక్షరాలు పడ్డాయి. చర్చి వెబ్‌సైటులో ప్రార్థన విన్నపాల పేజీలోకి పంపింది. "మా అల్లుడు క్రాంతి కుమార్ కోసం ప్రార్థన చేయండి. తాగొచ్చి నా బిడ్డను కొడతాండాడు. దేవుడే దారి చూపించాల." ఇవీ ఆమె చెప్పిన మాటలు. నలుగురిలో నిలబడి చెప్పే ధైర్యం ఆమెకు లేదు. పాస్టరు జయరాజు నోటి వెంట వస్తే అల్లుడు సిగ్గుపడతాడని, పెద్దలు నిలదీస్తారని ఆశపడింది.

జయరాజు టాబ్లెట్ చూసి చదివాడు. మొదటి వాక్యం చదివాడు, చివరి వాక్యం చదివాడు. మధ్యది లేదు. క్రాంతి పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగానికి తిరుగుతున్న సంగతి అందరికీ తెలుసు కాబట్టి, దారి చూపించమన్నది దాని గురించే అనుకుని అందరూ గట్టిగా ఆమేన్ అన్నారు.

ఆదిలక్ష్మికి అనుమానం అల్లుడి మీదే. చర్చి వెబ్‌సైటులో ఫోటోలు పెట్టేది అతనే, పాస్‌వర్డు అతని దగ్గర ఉంది. ఇంటికి వెళ్తూనే అక్క కూతురు శైలజకు ఫోన్ చేసి, వాడే తీసేసినాడు, నువ్వు కనిపెట్టి చెప్పాల అంది.

శైలజ పెనుకొండలో ఉంటుంది. రోజూ బస్సెక్కి హిందూపురం వెళ్లి, ఒక బట్టల అంగడి పైన ఉన్న చిన్న వెబ్‌సైట్ల ఆఫీసులో పనిచేస్తుంది. ఆ చర్చి వెబ్‌సైటు అక్కడే తయారైంది. పని ఇప్పించింది శైలజ, చేసింది పక్క సీటులో కూర్చునే రోహిత్.

మర్నాడు ఆమె ముందు విన్నపాలు దాచే చోటు తెరిచింది. చిన్నమ్మ పంపిన మూడు వాక్యాలూ అక్కడ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ఎవరూ ఏదీ చెరపలేదు. పేజీ మీద మాత్రం రెండే కనపడుతున్నాయి. చెరిపేసి ఉంటే కోపంలో చేసిన పని అనుకునేది. చెరపకుండా దాచడమంటే ఎవరో ఆలోచించి చేసిందే అనిపించింది.

పేజీ ఎట్లా కనపడాలో నిర్ణయించే టెంప్లేటు తెరిచి చూసింది. విన్నపం ఏదీ నేరుగా పేజీ మీదికి రావడం లేదు. ప్రతిదాన్నీ కాంపొనెంట్ అనే చిన్న ప్రోగ్రాం ముక్క ఒకటి చుట్టి తీసుకొస్తోంది. చీరను మడిచి, అంగడి పేరున్న డబ్బాలో పెట్టి ఇచ్చినట్టు, అది విన్నపానికి పూల అంచు వేసి, తేదీ పెట్టి, కింద ఆమేన్ బటన్ తగిలిస్తుంది. అయితే డబ్బాలో పెట్టేముందు ఒక జల్లెడ కూడా పడుతోంది. కొన్ని మాటలున్న వాక్యాలను ఆ జల్లెడ మొత్తంగా ఆపేస్తోంది.

ఆ మాటలేమిటో చూసింది. పైనున్నవి బూతులు. కింద ఉన్నవి బూతులు కావు. తాగుడు, తాగొచ్చి, కొట్టి, కొడతా, దెబ్బలు.

"రోహిత్, ఇవి బూతులా?" అని అడిగింది.

అతను కుర్చీ జరిపి చూశాడు. ఒక వార్తల సైటులో కామెంట్ల కోసం చేసిన కాంపొనెంట్‌నే ఇక్కడా చుట్టానని, బూతుల వరకే తను పెట్టానని అన్నాడు. తక్కినవి ఎవరు పెట్టారంటే, చర్చివాళ్లే మార్చుకునేలా సెట్టింగ్స్ ఇచ్చామని చెప్పి ఫోను తీసుకుని బయటికి వెళ్లిపోయాడు. మాట్లాడుతున్నంతసేపూ ఆమె ముఖం వైపు చూడలేదు. శైలజ దాన్ని అప్పటికి పట్టించుకోలేదు. లాగిన్లు రెండే, ఒకటి క్రాంతిది, ఒకటి పాస్టరుది. ఇంక తేలాల్సిందేముంది అనుకుంది.

ఆదివారం ధర్మవరం వెళ్లింది. ఆరాధన అయ్యాక క్రాంతి కీబోర్డుకు గుడ్డ చుడుతుంటే దగ్గరికెళ్లి, ప్రార్థన పేజీలో వాక్యాలు ఎందుకు ఆపుతున్నావని అడిగింది. అతను అర్థంకానట్టు చూశాడు. నాకు ఫోటోలు పెట్టడం తప్ప ఏమీ రాదు వదినా అన్నాడు. ఆ చూపులో దొంగతనం కనపడలేదు. చిన్నమ్మ తన మేలు కోరి ప్రార్థన పెట్టించిందనే అతను నమ్ముతున్నాడని శైలజకు అప్పుడు తెలిసింది. అంతలోనే అతని కళ్లు చిన్నవయ్యాయి.

"ఏ వాక్యం? మా అత్త ఏం రాసింది?"

ఫోన్ నంబర్ ఏదో పోయిందిలే అని శైలజ అబద్ధమాడింది. అతను నమ్మలేదు. గుడ్డ కట్టడం ఆపి, ఆవరణలో ఆడవాళ్ల మధ్య నిలబడ్డ ఆదిలక్ష్మి వైపు, భార్య రేష్మ వైపు మార్చి మార్చి చూశాడు.

తను చేసిన పనికి రేష్మ దెబ్బలు తినాల్సి వస్తుందని శైలజకు తోచింది. వెంటనే రేష్మ దగ్గరికెళ్లి, మా అమ్మకు బాగాలేదు, రెండురోజులు తోడుంటావా అని అందరికీ వినపడేలా అడిగింది. రేష్మ, అక్క ముఖం చూసి ఇంకేమీ అడగలేదు. కట్టుబట్టలతోనే పెనుకొండ బస్సెక్కింది. బస్సులో చాలాసేపటికి పైట సర్దుకుంటున్నప్పుడు మెడ కింద నల్లగా కమిలిన చోటు శైలజకు కనపడింది.

ఆ రాత్రి ఫోనులో, అల్లుడు చేయలేదని చెబితే ఆదిలక్ష్మి ఒప్పుకోలేదు. నటిస్తాండాడు, నీకు తెల్దు అంది. శైలజకు మాత్రం ఇప్పుడు రోహిత్ ముఖం తిప్పుకున్న తీరు గుర్తొచ్చింది. సోమవారం అతన్ని టీ కొట్టు దగ్గరికి పిలిచి, మా చెల్లెలు మా ఇంట్లో ఉంది, ఎందుకుందో నీకు తెలుసా అని అంతా చెప్పింది. రోహిత్ గ్లాసు పక్కన పెట్టేశాడు.

"పాస్టరుగారు ఫోన్ చేసినాడక్కా. మాటలు ఎట్ల చేర్చాలో నేనే నేర్పించినా. ఎవరికీ చెప్పొద్దన్నాడు."

జయరాజు పేరు ఆమె ఊహలో కూడా లేదు. ఎవరింట్లో జ్వరమన్నా మొదట వచ్చేది ఆయనే. రేష్మ పెళ్లి జరిపించింది కూడా ఆయనే.

ఆ సాయంత్రమే చిన్నమ్మను తీసుకుని ఆయన ఇంటికి వెళ్లింది. ఆయన వాళ్లను కూర్చోబెట్టి మజ్జిగ ఇప్పించాడు. శైలజ అడిగినదానికి తడుముకోకుండా అవునన్నాడు. చర్చికి కొత్తవాళ్లు వస్తుంటారు, పక్క సంఘాలవాళ్లు సైటు చూస్తుంటారు, తాగుడు, కొట్లాటలు అందులో పెడితే మన సాక్ష్యం, నలుగురిలో సంఘానికున్న మంచిపేరు పాడవుతుంది అన్నాడు. అలాంటి విన్నపాలు ఆగిపోయి విడిగా తన దగ్గరికి వస్తాయని, ఇంటికే వెళ్లి నెమ్మదిగా మాట్లాడి సరిచేద్దామని అనుకున్నానన్నాడు.

"మా ఇంటికి రాలేదు కదయ్యా," అంది ఆదిలక్ష్మి.

"నాకు ఏదీ రాలేదమ్మా. ఎవరికీ అట్లాంటి కష్టాలు లేవేమో అనుకున్నా."

ఆయన చదివే టాబ్లెట్‌లోకి వచ్చేదీ అదే పేజీ, అదే కాంపొనెంట్ చుట్టి ఇచ్చిన మాటలే. విడిగా పంపే ఏర్పాటు రోహిత్ చేయనే లేదు. శైలజ లాప్‌టాప్ తెరిచి, ఆగిపోయిన వాక్యాలున్న విన్నపాలను ఆయన ముందు పెట్టింది. చిన్నమ్మది తప్ప మిగతావి నేను చదవలేదు, మీరే చదవండి అని ముఖం పక్కకు తిప్పుకుంది. ఆయన కళ్లజోడు పెట్టుకున్నాడు. కిందికి జరుపుతూ పోయాడు. చాలాసేపు జరుపుతూనే ఉన్నాడు. ఒకచోట ఆగి, ఈయమ్మ కూడానా అని గొణిగాడు. తర్వాత మూసేయమని చెయ్యి ఊపాడు. ఆ మాటలన్నీ సెట్టింగ్స్ నుంచి ఇప్పుడే తీసేయమన్నాడు. రేష్మ ఎక్కడున్నా క్షేమంగా ఉంటే చాలని, క్రాంతితో తను మాట్లాడతానని అన్నాడు.

బయటికొచ్చాక, ఆయనకు అంతా తెలుసు అంది ఆదిలక్ష్మి. పాపం ఆయన కూడా చూడలేదు చిన్నమ్మా, సైటులో అట్లా ఉంది అని శైలజ సర్దిచెప్పబోయింది. రేష్మ పెదవి పగిలినప్పుడు ఎదురుగా నిలబడి ప్రభువు బల్ల రొట్టె ఇచ్చింది ఆయనే గదా అంది ఆదిలక్ష్మి.

ఆ మాట శైలజను వదల్లేదు. మర్నాడు ఆఫీసులో రోహిత్‌ను ఇంకొక్కటే అడిగింది. ఫోనులో ఆయన అసలు ఏమేం అడిగాడు?

రోహిత్ గుర్తు తెచ్చుకుని చెప్పాడు. మాటలు చేర్చడం చూపించాక, అవి నాకు కూడా కనపడవా అని ఆయన అడిగాడట. మీకు కూడా కనపడవు సార్, కావాలంటే మీకు మాత్రం విడిగా వచ్చేట్టు చేస్తా అని తను అన్నాడట.

"ఏమన్నాడు?"

"వద్దులే అన్నాడక్కా. అట్లే ఉండనీ అన్నాడు."

శైలజ ఆ మాట చిన్నమ్మకు చెప్పాలా వద్దా అని మధ్యాహ్నందాకా మథనపడి, చివరికి ఫోన్ చేసి చెప్పింది. శుక్రవారం నువ్వూ రా అంది ఆదిలక్ష్మి.

శుక్రవారం జయరాజు టాబ్లెట్ చేతిలోకి తీసుకుంటుండగానే ఆదిలక్ష్మి లేచి నిలబడింది. నా అల్లుడు తాగొచ్చి నా బిడ్డను కొడతాండాడు, ఇది పోయిన వారమే మీ అందరికీ రాసి పంపినా, మీకు చేరకుండా ఆపినారు అని చెప్పింది. కీబోర్డు వెనక క్రాంతి తలొంచుకున్నాడు. జయరాజు ఏదో చెప్పబోయేంతలో వెనక వరుసలో ఇంకొకామె, ఎప్పుడూ గట్టిగా మాట్లాడని సిద్ధమ్మ, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని లేచింది.

"నేను కూడా రాసినా," అంది.

జయరాజు టాబ్లెట్ బల్లమీద బోర్లా పెట్టి, చెప్పమ్మా అన్నాడు. ఆయన ముఖం చూసి మనసులో ఏముందో పోల్చుకోలేకపోయింది శైలజ.

ఆ తర్వాత క్రాంతిని చర్చిలో కీబోర్డు వాయించవద్దన్నారు. చర్చి పెద్దలు రెండుసార్లు పెనుకొండకు వచ్చి రేష్మను కాపురానికి పంపమన్నారు. ఆమె ఒప్పుకోలేదు. హిందూపురంలో శైలజ ఆఫీసు కింది బట్టల అంగడిలోనే పనికి కుదిరింది. అక్కాచెల్లెళ్లిద్దరూ ఇప్పుడు ఒకే బస్సులో వెళ్లొస్తున్నారు. ప్రార్థన పేజీ ఇంకా ఉంది, జల్లెడ తీసేశారు. ఐనా దాంట్లోకి విన్నపాలు తగ్గిపోయాయి. ఆడవాళ్లు ఆదిలక్ష్మి ఇంటికొచ్చి, కుచ్చులు ముడివేసే ఆమె పక్కన కూర్చుని నోటితోనే చెప్పుకుంటున్నారు.